ముడవని చిటికెన వేలు

దసరా వెళ్లిన వారంలో ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చాను. కాళ్లు కడుక్కున్నానే గానీ కూర్చోలేదు. నేరుగా గిన్నెల ముందు నిలబడ్డాను. ఎండాకాలంలో పెట్టిన మామిడికాయ తొక్కు అయిపోయి, గాజుసీసా నానబెట్టి ఉంది. ఎడమ చేత్తో సీసాను అదిమి పట్టుకుని, కుడి చేత్తో లోపల పీచు తిప్పుతున్నాను. ఏ పనైనా ఎవరో తరుముతున్నట్టు చేయడం నా అలవాటు. సీసా చేతిలోనే రెండయింది.

నొప్పి వెంటనే తెలియలేదు. తొక్కు కారం అంటుకుని మంట మాత్రం పుట్టింది. చేతిని నీళ్ల కింద పెట్టి చూస్తే, ఎడమ అరచేతిలో ఉంగరపు వేలు, చిటికెన వేలు మొదలయ్యే చోట అడ్డంగా తెగి ఉంది. చూడ్డానికి పెద్ద గాయం కాదు. కొంగు చుట్టి పిడికిలి బిగించబోయాను. బొటనవేలు ముడుచుకుంది, చూపుడు వేలు, మధ్య వేలు ముడుచుకున్నాయి. మిగిలిన రెండూ నిటారుగా నిలబడే ఉన్నాయి. మళ్లీ ప్రయత్నించాను. వేళ్లు నావే, ముడవమంటున్నదీ నేనే. అవి వినడం లేదు.

వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్న మా అత్తమ్మ నా మొహం చూసి లేచింది.

"ఏమైందే? గా నెత్తురేంది?"

"వేళ్లు ముడుస్తలేవు అత్తమ్మా."

"నెత్తురు కారుతుంటే వేళ్ల ముచ్చటేందే! పా, దవాఖానకు పా."

చాటలోని తునికాకు, తంబాకు అలాగే వాకిట్లో వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా నాతో ఆటో ఎక్కింది.

చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ గాయాన్ని చూసి, వేళ్లను అటూ ఇటూ కదిపి, నా కుడిచేతిని తీసుకుని నా ఎడమ మోచేతి కింద పెట్టింది.

"ఇప్పుడు వేళ్లు ముడవున్రి" అంది.

చర్మం కింద కండ బిగుసుకుని కదలడం నా అరచేతికి తెలిసింది.

"చూసిన్రా అమ్మా? వేళ్లల్ల కండ ఉండదు. వేలును ముడిచే కండరాలన్నీ గీడ, మోచేతి కింద ఉంటయి. వాటి నుంచి తాళ్ల లాంటివి మణికట్టు దాటి, అరచేతిల నుంచి వేళ్ల కొసల దాకా పోతయి. కండరం గుంజితే తాడు గుంజుతది, వేలు ముడుస్తది. మీ కండరం మంచిగనే ఉంది. తాళ్లు తెగినయి."

"మరి గాయంల ఏం కనిపిస్తలేదు కదమ్మా."

"తెగిన కొస ఆడనే ఉండదు, కండరం దాన్ని వెనక్కి గుంజుకుంటది. లంగా బొందు ఒక కొస లోపలికి జారిపోతే ఏం చేస్తరు?"

"పిన్నీసు పెట్టి మళ్ల ఎక్కిస్తం."

"మేం చేసేది కూడ గదే. కాకపోతే ఎక్కించినంక మీరు నిమ్మలంగ ఉండాలె. అసలు కష్టం గది."

డాక్టరమ్మ నన్ను అప్పుడే మొదటిసారి చూసింది కాబట్టి ఆ మాట మామూలుగా అంది. మా అత్తమ్మ మాత్రం పక్కన నిలబడి, "అయితె కానట్టే తియ్యి" అంది.

నేను బస్సు కండక్టర్‌ని. ఉద్యోగంలో చేరేనాటికి మా చిన్నోడు ఇంకా పాలు మరవలేదు. అప్పటి నుంచి నా పగళ్లు ఊగుతూనే గడిచాయి. దుబ్బాక రూటు, కొండపాక రూటు, మధ్యలో ఎక్కడ వేస్తే అక్కడ. ఎడమ చేతిలో టికెట్ల మిషను, నడుము సీటుకు ఆనించి, బస్సు ఎటు ఒరిగితే దానికి ఎదురు ఒరుగుతూ నిలబడటం నా ఒంటికి ఎంత అలవాటయిందంటే, ఇంట్లో పీట మీద కూర్చున్నా తొడలు బిగబట్టే ఉంటాయి. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే జాగ ఉండటం లేదు. అలసిపోతానని అందరూ అంటారు. నేను అలసిపోయేది సెలవు రోజునే.

ఆపరేషన్ అయ్యాక నా చేతికి వెనకవైపు నుంచి ఒక ప్లాస్టిక్ పట్టీ కట్టారు. మణికట్టు లోపలికి వంచి, వేళ్లు పూర్తిగా నిటారు కాకుండా పైనుంచి కప్పినట్టు ఉంటుంది. తాళ్లు తెగిన రెండు వేళ్ల గోళ్లకు చిన్న కొక్కేలు అంటించి, వాటికి రబ్బరు బ్యాండ్లు తగిలించి, మణికట్టు దగ్గర పిన్నీసుకు కట్టారు. రబ్బరు వేళ్లను అరచేతి వైపు గుంజి పెడుతుంది. గంటగంటకూ నేను వేళ్లను పట్టీ దాకా చాచాలి, వదిలేయాలి. వదిలితే రబ్బరే మళ్లీ ముడుస్తుంది.

వ్యాయామం చేయించే అమ్మాయి గట్టిగా చెప్పింది. "అక్కా, చాచే పని నీది, ముడిచే పని రబ్బరుది. నువ్వు సొంతంగ ముడిస్తే లోపల కుట్లు తెగుతయి. ఏదీ పట్టుకోవద్దు. కాయితం ముక్క కూడ పట్టుకోవద్దు."

పట్టుకోకుండా ఉండటం ఎంత పనో అప్పటిదాకా నాకు తెలియదు. చెంచా జారితే పట్టుకోవడానికి చేయి ముందుకు పోతుంది. తలుపు గాలికి కొట్టుకుంటే చేయి పోతుంది. మెయిన్ రోడ్డు మీద బస్సు హారన్ వినపడితే, ఏ వస్తువూ లేకుండానే మోచేతి కింద కండ ఉలిక్కిపడుతుంది. కుడిచేత్తో దాన్ని అదిమి పట్టుకుని, "ఊకో, ఊకో" అనుకునేదాన్ని.

మా ఆయనది బోరు మోటార్లు బాగుచేసే దుకాణం. పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు. పిల్లలిద్దరూ హాస్టళ్లలో ఉన్నారు. పగలంతా ఇంట్లో నేనూ అత్తమ్మా. నేను ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లలో మేమిద్దరం ఒక పగలంతా ఒకే చోట ఉన్నది లేదు. పిల్లలను పెంచింది ఆమే, ఇల్లు నడిపిందీ ఆమే. నేను వచ్చీ పోతూ ఉండేదాన్ని. మా మధ్య గొడవలు లేవు. గొడవ పడాలన్నా కాసేపు ఎదురెదురుగా కూర్చోవాలి కదా.

ఇప్పుడు ఆమె నాకు జడ వేయాలి, జాకెట్టు హుక్కులు పెట్టాలి, చీర కుచ్చిళ్లు సర్దాలి. నేను కుదురుగా నిలబడలేను.

"కదలకే! చంటిపిల్లలు నయం."

"జల్దీ కానీ అత్తమ్మా."

"యాడికి పోయేదుంది నీకు? బస్సు పోతదా?"

నిజమే, ఎక్కడికీ పోయేది లేదు. అయినా పొద్దున్నే కోమటిచెరువు కట్ట మీదికి పోయి, చేయి మెడకు వేలాడేసుకుని చివరి దాకా నడిచి వచ్చేదాన్ని. వచ్చాక మళ్లీ పాత బస్టాండు దాకా పోయేదాన్ని. అక్కడ మా డిపో వాళ్లు పలకరిస్తే నిలబడి, బస్సు కదిలితే ఆ దుమ్ములో ఇంకాసేపు నిలబడి తిరిగి వచ్చేదాన్ని. ఇంట్లో గడప దగ్గర, పొయ్యి దగ్గర, మళ్లీ గడప దగ్గర. అత్తమ్మ చాట ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తుండేది. ఆమె కూర్చున్న చోటు నుంచి కదలదు, చేతులు మాత్రం ఆగవు. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం. డాక్టరమ్మ చూపించినప్పటి నుంచి నా కళ్లు అందరి మోచేతుల కిందికే పోతున్నాయి. బీడీ చుట్టిన ప్రతిసారీ ఆమె ముంజేతిలో సన్నటి కండ లేచి పడేది. ఆ ముసలి చేయి అంత సులువుగా ముడుచుకుంటుంటే నాకు లోపల ఈర్ష్యగా ఉండేది. లేచి మళ్లీ గడప దగ్గరికి పోయేదాన్ని.

ఒకరోజు ఆమె చాట పక్కన పెట్టేసింది.

"నిన్ను చూస్తుంటె నాకు కండ్లు తిరుగుతున్నయి. పా, దుబ్బాకకు పోదాం. నా చెల్లెను చూడక శాన రోజులాయె. బస్సుల ఒక్కసారి కూసుంటె నీ గుబులు తీరుతదేమో."

"చెయ్యికి ఏమన్నైతే?"

"నేనుంట కదనే. కిటికి పక్కకు కూసో, చెయ్యి మెడకేసుకో. ఏమైతది?"

ఆమె మాట పూర్తి కాకముందే నేను చెప్పులు వేసుకున్నాను.

ప్రయాణికురాలిగా నా రూటులో పోవడం అదే మొదలు. డ్యూటీలో ఉన్న కండక్టర్ నన్ను చూసి నవ్వి సీటు ఇప్పించాడు. కిటికీ పక్కన కూర్చున్నాను. వరికోతలు జోరుగా సాగుతున్నాయి. రోడ్డుకు ఒకవైపు పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఇంజను అదురు పాదాల నుంచి నడుముకు ఎక్కుతుంటే, నెల రోజుల తర్వాత మొదటిసారి నా ఒళ్లు సర్దుకున్నట్టు అనిపించింది. అత్తమ్మ నా మొహం చూసి, "గిదా నీ మందు?" అని నవ్వింది.

దుబ్బాక దగ్గర పడుతుండగా ఆమె ముందే లేచి తలుపు వైపు పోయింది. పెద్దవాళ్లంతా అంతే, స్టేజీ ఇంకా రాకముందే లేస్తారు. బస్సులో అందర్నీ కూర్చోమని అరిచే నేను, ఆ రోజు అరవలేదు. ఆమె వెనకే లేచాను. కుడి చేత్తో పైన కడ్డీ పట్టుకున్నాను. రోడ్డు మీది వడ్లను తప్పించడానికి డ్రైవర్ బస్సును పక్కకు తీశాడు. ఎదురుగా ఒక బండి వచ్చింది. బ్రేకు పడింది.

అత్తమ్మ కాలు మెట్టు మీద నుంచి జారింది. తలుపు తెరిచే ఉంది. ఆమె తల ముందుకు పోవడం చూశాను. ఆ తర్వాత చూసింది, నా ఎడమచేయి ఆమె భుజం కింద రెట్టను పట్టుకుని ఉండటం. మెడకు కట్టిన గుడ్డలోంచి అది ఎప్పుడు బయటికొచ్చిందో నాకు తెలియదు. అరచేతిలో ఏదో టప్పుమంది. రబ్బరు తెగిందనుకున్నాను. రబ్బరు తెగి ఉండాలని మనసులో మొక్కుకున్నాను. కిందికి చూస్తే రబ్బరు బ్యాండ్లు రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అత్తమ్మ మెట్టు మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, "బతికిన్నే" అంది. అప్పుడు నా చేయి చూసింది. "ఏమైందే? నొస్తుందా?"

"ఏం కాలేదు. దిగు."

ఆమె చెల్లెలింట్లో టీ తాగినంతసేపూ నేను కూర్చోలేదు. రబ్బరు తగిలించి ఉన్నంతవరకు రెండు వేళ్లూ వంగినట్టే కనిపిస్తాయి, ఏది నాదో ఏది రబ్బరుదో తెలియదు. విప్పి చూడటానికి ధైర్యం లేదు. టీ గ్లాసు అరుగు మీద పెట్టేసి, "అత్తమ్మా, దవాఖానకు పోవాలె" అన్నాను. ఆమె గ్లాసు పక్కన పెట్టి లేచింది. చెల్లెలితో పోయొస్తానని కూడా చెప్పకుండా నా ముందు నడిచింది.

డాక్టరమ్మ రబ్బర్లు విప్పి, నా మణికట్టును మెల్లగా వెనక్కి వంచింది. అలా వంచితే వేళ్లు వాటంతట అవే లోపలికి ముడుచుకోవాలి. ఉంగరపు వేలు ముడుచుకుంది. చిటికెన వేలు కర్రలా నిలబడింది.

"తెగింది" అంది. తిట్టలేదు. తిడితే బాగుండునని అనిపించింది.

తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. "మళ్ల తెరిచి కుట్టొచ్చు. కానీ ఈసారి గ్యారంటీ తక్కువ. మళ్ల మొదటి నుంచి పట్టీ, రబ్బర్లు, అన్ని రోజులూ కదలకుంట ఉండుడు. ఉంగరపు వేలు మంచిగ అతుకుతుంది, దానికి కూడ ఇబ్బందైతది. చిటికెన వేలు ముడవకపోతే పని ఆగిపోదు, చేతి పట్టు మాత్రం తగ్గుతది. ఇంటికి పోయి సోంచాయించి రేపు చెప్పున్రి."

ఆ సాయంత్రం మా ఇంట్లో ముగ్గురం మూడు దిక్కుల కూర్చున్నాం.

"చేయించుకో" అన్నాడు మా ఆయన. "గింత దూరం వచ్చి ఇడిసిపెడుతరా? ఇంకో రెండు నెలలేనాయె."

"రెండు నెలలా! నువ్వు కూసుంటవా ఏమయ్యా, చెయ్యి కట్టేసుకుని?" అన్నాను.

"నాకోసం పోయిందే గా వేలు" అంది అత్తమ్మ. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "దుబ్బాకకు పోదామన్నది నేను. స్టేజి రాకముందే లేచింది నేను. చేయించుకో బిడ్డా. నీ కాడ నేను కూసుంట. నీ చెయ్యి నేనైత."

"నాకొద్దు" అన్నాను. ఆ మాట ఎంత త్వరగా వచ్చిందంటే నాకే ఆశ్చర్యమేసింది. ఇన్నాళ్లయినా ఒక్కోసారి ఆలోచిస్తుంటాను. ఉంగరపు వేలిని కాపాడుకోవాలని వద్దన్నానా, లేక కూర్చోలేక వద్దన్నానా? పొద్దుటి బస్సులో ఒక జవాబు తోస్తుంది, సాయంత్రం బస్సులో ఇంకొకటి. మరునాడు డాక్టరమ్మకు మాత్రం మొదటిదే చెప్పాను. ఆమె, "సరే, ఉన్న వేలునన్న కాపాడుకోన్రి" అంది.

కాపాడుకున్నాను. పట్టీ తీసేదాకా గడప దాటలేదు.

కానీ ఆ రోజుల్లోనే వాడలో కథ మొదలైంది. మా అత్తమ్మ బీడీల ఆకు తేవడానికి పోయిన చోట, నీళ్ల నల్లా దగ్గర, కిరాణా కొట్టులో, అందరికీ చెప్పింది. అత్తను కాపాడటానికి కోడలు వేలు పోగొట్టుకుంది. ఆడవాళ్లు ఇంటికొచ్చి నా చేయి పట్టుకుని చూసేవారు. "కోడలంటె గట్లుండాలె" అనేవారు. నాకు ఒంటి మీద చీమలు పాకినట్టుండేది. నేను ఏ త్యాగమూ చేయలేదు. బస్సులో ఎవరు తూలినా పట్టుకోవడం ఆ చేయికి అలవాటు. నేను చెప్పి చేయించిన పని కాదది. ఒకరోజు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉండగానే అనేశాను.

"గట్లేం లేదు అత్తమ్మా. గాడ ఎవరున్నా పట్టుకుందును. కూరగాయల మూట పడబోయినా పట్టుకుందును."

వచ్చినవాళ్లు మెల్లగా లేచి వెళ్లిపోయారు. అత్తమ్మ చాట తీసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆ పూట ఆమె వీపే చూశాను. జడ వేయడానికి మాత్రం వచ్చి నా వెనక కూర్చుంది. అయితే ఆ రోజు జడ ఎప్పటికన్నా బిగుతుగా పడింది. నేను కదలలేదు కూడా. చివర్లో రిబ్బను ముడి వేస్తూ అంది.

"మూటను పట్టుకున్నట్టే పట్టుకున్నవ్ పో. పట్టుకున్నవా, లేదా?"

"పట్టుకున్న."

"మరి గదే నేను చెప్పేది."

ఎండలు ముదిరేసరికి మళ్లీ డ్యూటీలో చేరాను. ఉంగరపు వేలు బాగానే ముడుస్తుంది, పొద్దున చలికి కాస్త బిగుసుకుంటుంది తప్ప. చిటికెన వేలు ఎప్పుడూ బయటికే చూస్తుంటుంది. టీ గ్లాసు పట్టుకుంటే అది పక్కకు నిలబడటం చూసి కొత్త ప్రయాణికులు నాకేదో స్టైలు అనుకుంటారు. మొదట్లో టికెట్ల మిషను రెండుసార్లు జారింది, తర్వాత దానికి పట్టీ కట్టి మణికట్టుకు తగిలించుకున్నాను. బస్సు ఆగినప్పుడు కుడిచేయి మోచేతి కింద పెట్టి చిటికెన వేలును ముడవబోతే, ఆ కండ ఇప్పటికీ కదులుతుంది. దాని పని అది చేస్తూనే ఉంది. ఆ కదలిక తెలిసినప్పుడల్లా నా మనసు ఎటో పోతుంది. అంతలో ఎవరో ఒకరు చిల్లర చాపుతారు.

మొన్నొకసారి అత్తమ్మ తన చెల్లెలింటికి పోతూ నా బస్సే ఎక్కింది. సందులేని జనం. ఎవరో లేచి ఆమెకు సీటిచ్చారు. కూర్చున్న రెండు నిమిషాలకే పక్కనున్న ఆవిడతో మొదలుపెట్టింది.

"గా కండక్టర్ నా కోడలే. నన్ను పట్టుకోబోయి వేలు పోగొట్టుకున్నది."

"అవునా! ఏదీ, ఏ చెయ్యి?"

ఆవిడ మెడ చాచి నా చేతిని వెతుకుతోంది. నేను జనాన్ని తోసుకుంటూ వాళ్ల దగ్గరికి వచ్చాను.

"జరుగున్రి, లోపలికి జరుగున్రి. ఆధార్ కార్డు తియ్యి అత్తమ్మా."

"నన్నడుగుతవానే?"

"అందర్నీ అడుగుత."

ఆమె జాకెట్లోంచి చిన్న సంచి తీసి, అందులోంచి కార్డు వెతికి, పక్కావిడకు చూపించి మరీ నాకు చాపింది. నేను కార్డు చూసి సున్నా టికెట్ కొట్టి ఆమె చేతిలో పెట్టాను. "దుబ్బాక వచ్చేదాక లేవకు" అన్నాను. "రైట్, రైట్!" అని అరిచి వెనక సీట్ల వైపు నడిచాను.